పొగగొట్టం మీద కుండ

మొదటి మంట చిన్నగా ఉండాలి. కొత్త పొయ్యి ఇంకా మట్టే, పొయ్యి కాలేదు. పైకి ఆరినట్టు కనిపిస్తుంది గానీ అరచెయ్యి ఆనిస్తే లోపలి చల్లదనం తెలుస్తుంది. ఒక్కసారిగా మంట ఎగదోస్తే ఆ తడి బయటికొచ్చే దారి లేక నోటి దగ్గర పగులుతుంది. అందుకే రెండు కంది పుల్లలు, గుప్పెడు శెనక్కాయ పొట్టు, అవి కాలాక మళ్లీ రెండు పుల్లలు. నేను పీట మీద కూర్చుని తోస్తున్నాను. ఎదురుగా అమ్మ గోడకానుకుని కాళ్లు చాపుకుంది. ఎనభై దగ్గర పడ్డ మనిషి, ఇంకా సూదిలో దారం ఎక్కిస్తుంది. మంటను చూడడం లేదు ఆమె, పొగ ఎటు పోతుందో చూస్తోంది. నా కోడలు ఆశ్రిత, తొమ్మిదో నెల, వాకిలి పక్కన నులకమంచం మీద నడుముకు దిండు పెట్టుకుని ఉంది. బయట మధ్యాహ్నం ఎండ ఉన్నట్టుండి మెత్తబడింది. ఈ గంటలో నేను చెయ్యాల్సినవి రెండు పనులు. పొయ్యి పగలకుండా చూసుకోవడం ఒకటి. అమ్మకు ఒక మాట చెప్పడం ఇంకొకటి. మొదటిది నా చేతికి తెలుసు. రెండోదానికి ముప్పై నాలుగేళ్లుగా నోరు రావడం లేదు.

"పాపా, మీ తాత ఉండె సూడు," అంది అమ్మ, పొయ్యి మీది చూపు తీయకుండానే, "ఇట్లాంటి పొయ్యికాడే నన్ను పొగబెట్టి సంపబోయినాడు. పెండ్లామంటే పుట్టలో ఎలుక అనుకున్యాడు ఆ యప్ప."

"ఎన్నిసార్లు సెప్తావవ్వా," అంది ఆశ్రిత నవ్వుతూ. "పెండ్లయి వచ్చిన రోజు సెప్తివి, మొన్న సెప్తివి, పొద్దున సెప్తివి."

"సచ్చేదాంకా సెప్తా. ఆడికి పోయినాక ఆ యప్పకే సెప్తా."

నాయన పోయి మూడేళ్లు. పేరు ఎర్రప్ప. ఆయన చెప్పులు లేవు, పంచెలు లేవు, గొంగడి కూడా ఎవరికో ఇచ్చేశాం, కానీ రోజుకొకసారైనా ఈ ఇంట్లోకి వస్తాడు, అమ్మ నోటి వెంట, ఈ తిట్టుతో. నేను వింటూ పుల్లలు తోస్తాను, లేదంటే ఎద్దుకు మేత వేస్తాను, లేదంటే బయటికి పోతాను. ఎందుకంటే అది నిజం కాదు. ఆ రోజు పొగగొట్టం మూసింది నాయన కాదు, నేను. ఈ సంగతి ఇద్దరికే తెలుసు, ఆ ఇద్దరిలో ఒకడు పోయాడు.

పొగ ఇప్పుడు దారి పట్టింది. మొదట రెండో కంటి దగ్గర, రెండో గిన్నె పెట్టే తొర్ర దగ్గర, సందేహపడి కొంచెం బయటికి వచ్చింది, గొట్టం వెచ్చబడగానే దాని పక్కకు ఒరిగింది, ఇప్పుడు నిలువునా లాగేస్తోంది. ఆ చప్పుడు నాకిష్టం. గొట్టంలో మంట గొంతు సన్నగా, గుర్రుమని. ముప్పై నాలుగేళ్ల తరువాత వింటున్నాను. పది రోజుల కింద ఎండిన కుంటలోంచి మట్టి తెచ్చి పేడా పొట్టూ కలిపి కాళ్లతో తొక్కుతుంటే మరిచిపోయాననుకున్నవన్నీ మడమల్లోంచి పైకి వచ్చాయి. నోరు జానెడు, ఒక కన్ను నుంచి ఇంకో కన్నుకు పోయే సొరంగం నాలుగు వేళ్లు, గొట్టం మిద్దె మట్టికప్పులోంచి పోయేచోట దూలానికి జానెడు ఎడం, చుట్టూ ఇటుక ముక్కలూ మట్టీ, పైన నీళ్లు దిగకుండా చౌడుమట్టి మెత్తి, మిద్దె మీద రెండు మూరలు లేచి ఉండాలి గొట్టం. పుస్తకంలో రాసుకున్నవి కావు ఇవి. నూర్ అహమ్మద్ నా భుజం మీద తట్టి తట్టి చెప్పినవి.

అప్పట్లో ఊరూరా పొగలేని పొయ్యిలు కట్టించారు. అనంతపురంలో ఒక రేకుల షెడ్డులో పదిహేను రోజులు నేర్పారు మాకు. ఐదో తరగతితో ఆపినవాణ్ణి నేను, పేరు బయ్యన్న, ఇరవై నాలుగేళ్లు, మీసం మీద శ్రద్ధ ఎక్కువ. రాప్తాడు రేకుల పని నూర్ అహమ్మద్ గొట్టాలు చుట్టేవాడు, మాకంటే పదేళ్లు పెద్ద. "అరె బయ్యన్నా, మంటకు నోరుంటే సాలదప్పా, ముక్కుండాల. ముక్కు మూస్తే నువ్వు బతుకుతావా?" అనేవాడు, అని నా ముక్కు పట్టుకునేవాడు, అందరూ నవ్వేవాళ్లు. ఆ నవ్వుల్లో నేనూ నవ్వాను. తిరిగి వచ్చాక ఏడాదిన్నరలో నలభై పొయ్యిలు కట్టాను, ఈ చుట్టుపక్కల ఆరు ఊళ్లలో. సైకిలు వెనక గొట్టాలు కట్టుకుని పోతుంటే ఆడవాళ్లు వాకిళ్లలోంచి పిలిచేవాళ్లు, మా ఇంటికెప్పుడొస్తావని. నాతో ఎవరూ అంతగా మాట్లాడింది లేదు అంతకుముందు, ఆ తరువాతా లేదు. మొదటి మంట పెట్టిన రోజు ప్రతి ఇంట్లో పాలు పొంగించి ఒక గ్లాసు నాకిచ్చేవాళ్లు. ఆ పాలకు పచ్చి మట్టి వాసన. ఇప్పటికీ వాన పడిన మొదటి నిమిషంలో నాకు గుర్తొచ్చేది పాలే.

అంతకుముందు మా ఇంట్లో మూడు రాళ్ల పొయ్యి. అమ్మ ఊదుగొట్టంతో ఊదుతుంటే బూడిద లేచి ఆమె కనుబొమల మీద వాలేది. కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. చిన్నప్పుడు అమ్మ ఏడుస్తోందా ఊదుతోందా తెలిసేది కాదు నాకు. పొగంతా మిద్దె కింద సుడి తిరిగి నడిమధ్యన ఉన్న గవాచిలోంచి మెల్లగా పోయేది. గవాచి అంటే మిద్దెకు వెలుతురు కోసం వదిలిన తొర్ర, మూరెడు వెడల్పు. పొద్దున ఆ తొర్రలోంచి ఎండ ఒక కడ్డీలా దిగి నేల మీద నిలబడేది, పొగ ఆ కడ్డీ చుట్టూ అల్లుకునేది. నేను పలక పట్టుకుని ఆ ఎండలో కూర్చునేవాణ్ణి. నాయన ఆ ఎండ ఎక్కడిదాకా జరిగిందో చూసి పొద్దు చెప్పేవాడు. వాన వస్తే ఎవరు దగ్గర ఉంటే వాళ్లు మిద్దెక్కి గవాచి మీద కుండ బోర్లించాలి. అందుకని పిట్టగోడ దగ్గర పాత కుండలు ఎప్పుడూ ఉంటాయి. మా వైపు వాన తక్కువ, కాబట్టి ఆ పని అరుదుగా దొరికే పని, పోటీపడి చేసే పని. చినుకు పడితే చాలు ఊరు ఊరంతా మిద్దెల మీద ఉండేది. ఈ మిద్దె మీంచి ఆ మిద్దె మీదికి కేకలు. "ఏమప్పా, మీ పక్క ఎంత పడతాండాది?" అంటూ, రెండు మిద్దెల మధ్య వీధంత దూరం కూడా లేకపోయినా.

"మామా, గొట్టం ఎర్రగా కాలదు కదా? చెయ్యి తగిలితే?" ఆశ్రిత అడిగింది.

"ఈడ నుంచి ఈడకు తగలకూడదమ్మా," అని నా ఎత్తు దాకా చూపించాను. "మట్టి పూత పూస్తా ఆరినాక. నెలకొకసారి పాత గోనె కర్రకు కట్టి లోపల తుడవల్ల. మసి పేరుకుంటే అదే అంటుకుంటాది."

అంత పొడుగు మాట నేనెప్పుడు మాట్లాడానో అన్నట్టు అమ్మ నా వైపు చూసింది.

ఈ పొయ్యి ఆశ్రిత అడిగితేనే కట్టాను. గ్యాసు ఉంది ఇంట్లో, వంటంతా దాని మీదే. కానీ బాలింతకు పొద్దునా సాయంత్రం కాగెడు నీళ్లు కాగాలి, కట్టెల మీద కాగిన నీళ్లే పోయాలని అమ్మ పట్టు. ఆశ్రితకు పొగ పడదు. "పక్కింటి సైదాబీ అవ్వ సెప్పింది మామా, నువ్వు గొట్టం పొయ్యిలు కడ్తాంటివంట కదా. వాళ్లింట్లో నువ్వు కట్టింది ఇంగా ఉండాదంట. మనింట్లో యాల లేదు?" అని అడిగింది. అది పొద్దుటిపూట, నేను పళ్లు తోముకుంటున్నాను. అమ్మ వింటోంది. నేను పుక్కిలించి ఉమ్మేసి, కడతానులే అన్నాను. ఆ సాయంత్రం అమ్మే కుంట మట్టి ఎక్కడ బాగుంటుందో చెప్పింది.

మబ్బు కమ్ముతోంది. గవాచిలోంచి పడే వెలుతురు నేల మీద బూడిద రంగుకు మారింది. ఆరుద్ర కార్తె వచ్చి వారమైంది, ఒక్క చినుకు లేదు, వలిచిన విత్తనపు గింజలు గదిలో సంచుల్లో ఉన్నాయి. గొట్టం మూసిన ఆ ఏడాది విత్తనాలు కూడా లేవు. రెండేళ్లు వాన లేక విత్తనపు కాయలు వేయించుకుని తిన్నాం. ఊరంతా ఇళ్లలో పొయ్యిలు కట్టి చివరికి మా ఇంట్లో కట్టాను. గొట్టం ఉంది, దాని మీది రేకు టోపీ లేదు. ఆఖరి టోపీ పక్కింటి సైదాబీ వాళ్లకు వేశాను. వచ్చే వారం ఇంకొకటి చేసిస్తానన్నాడు నూర్ అహమ్మద్. తొందరేముంది అన్నాను నేను. రెండేళ్లు రాని వాన వారంలో వస్తుందని ఎవరనుకుంటారు? నాలుగో రోజు వచ్చింది. మధ్యాహ్నం, ఇట్లాగే. గాలి ముందు వచ్చింది, ఎర్రదుమ్ము వచ్చింది, ఆ తరువాత ఒక్కో చినుకు రూపాయి బిళ్లంత వెడల్పున మిద్దె మీద పడి పొగలు కక్కింది. నాయన, నేను ఒకరినొకరం తోసుకుంటూ నిచ్చెనెక్కాం. నాయన నవ్వుతున్నాడు. రెండేళ్లలో ఆయన పళ్లు చూడడం అదే మొదలు. పిట్టగోడ దగ్గర రెండు కుండలున్నాయి. ఆయన ఒకటి తీసుకుని గవాచి మీద బోర్లించాడు. నేను రెండోది తీసుకున్నాను. గొట్టం నోరు తెరుచుకుని ఆకాశం వైపు చూస్తోంది, వాన దాంట్లోకి పడుతోంది, కింద నా కొత్త పొయ్యి, అమ్మ కోసం కట్టిన పొయ్యి, నీళ్లు దిగితే మట్టి కరిగిపోతుంది. అంతే తోచింది నాకు. నలభై పొయ్యిలు కట్టినవాణ్ణి, నలభై ఇళ్లలో మంటకు ముక్కు ఉండాలని చెప్పినవాణ్ణి, కుండ తీసి గొట్టం మీద బోర్లించాను. కొలిచి చేసినట్టు సరిగ్గా పట్టింది. దాని మీద రాయి కూడా పెట్టాను, గాలికి పోకుండా. నాయన చూశాడు. ఆయనకూ తోచలేదు. పైన తొర్ర కనిపిస్తే మూయడం మా చేతులకు పుట్టుకతో వచ్చింది. నిచ్చెన దిగి చేనుకు పరిగెత్తాం, గట్టు తెగకుండా చూసుకోవాలని. ఆ చేనులో విత్తనం లేదు, నీళ్లు నిలబడి ఏమి చెయ్యాలో మాకే తెలీదు. అయినా పరిగెత్తాం. మోకాళ్ల దాకా బురదలో నిలబడి నాయన పాట లాంటిదేదో గొణిగాడు. ఆ గంట అంత సంతోషమైన గంట నా బతుకులో ఇంకొకటి లేదు. దాన్ని తలుచుకోకుండా ఉండలేను, తలుచుకున్న ప్రతిసారీ దాని చివర ఇల్లు వస్తుంది.

తలుపు మూసి ఉంది. వాన జల్లు లోపలికి కొడుతోందని మూసుకుంది అమ్మ. కాగు కింద మంట లేదు, కంప నిప్పులు మాత్రం ఎర్రగా ఉన్నాయి. పొగ కూడా పెద్దగా లేదు. పొగ ఉంటే లేచి వచ్చేదేమో. కంప నిప్పుల విషగాలి కంటికి కనపడదు. ఆమె పొయ్యి పక్కనే కొంగు పరుచుకుని పడుకుని ఉంది, వెచ్చగా ఉందని, వాన చప్పుడు బాగుందని. పిలిస్తే పలకలేదు. చెంపలు ఎర్రగా ఉన్నాయి, నిద్రపోయే పిల్లకు లాగా. నాయన రెండు చేతుల మీద ఎత్తుకుని వాకిట్లోకి తెచ్చి వానలో పడుకోబెట్టాడు. ముఖం మీద వాన పడుతూ ఉంది, పడుతూ ఉంది, ఎంతసేపో, చివరికి దగ్గి కక్కుకుంది. మనుషులు గుమిగూడారు. సైదాబీ ఆమె తల ఒళ్లో పెట్టుకుని మిద్దె వైపు చూసి అరిచింది. "ఆ గొట్టం మీద కుండ ఎవురు బోర్లించింది? ఏ గాడిద చేసిన పనిది?" నేను నోరు తెరిచాను. ఊపిరి వచ్చింది, మాట రాలేదు. నాయన నన్ను చూశాడు, ఒక్క రెప్పపాటు, ఆ తరువాత సైదాబీ వైపు తిరిగాడు. "నేనేమ్మా. తెలీక మూసినా." అంతే. అప్పటికి మూతపడిన నా నోరు ఆ సంగతి మీద మళ్లీ తెరుచుకోలేదు. మర్నాటికి అమ్మ లేచి కూర్చుని గంజి తాగి, నాయనను చూసి మొదటిసారి ఆ మాట అంది. "పొగబెట్టి సంపబోతివి కదయ్యా, ఇంగో పెండ్లాన్ని యాడన్నా చూసి పెట్టుకున్యావా?" నాయన సిగ్గుపడినట్టు నవ్వాడు. సైదాబీ నవ్వింది. ఊరు నవ్వింది. పొయ్యి మేస్త్రి బయ్యన్నను ఎవరూ ఏమీ అనలేదు. ఎర్రప్ప తెలివితక్కువ పని అయిపోయిందది.

నేను మాత్రం ఇంకో పొయ్యి కట్టలేదు. గొట్టం ఊడదీసి ఎద్దులు కట్టేసే గాడిపాడులో పారేశాను. మూడు రాళ్లు మళ్లీ వచ్చాయి. ఆరేడు నెలల తరువాత కాబోలు, చేనులో సంగటి తింటూ నాయన అడిగాడు. "పొయ్యిలు మానుకున్యావంట."

"ఊ."

"నేను ఆ మాట యాల అంటినో తెల్సునా నీకు?"

"తెల్సు."

"తెల్సీ మానుకున్యావా." ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. ఇంకేమీ అనలేదు, ఆ రోజూ, పోయేదాకా. మేస్త్రే మూశాడంటే ఏ ఇల్లూ నన్ను గడప తొక్కనివ్వదని ఆయన అట్లా అన్నాడు. ఆయన మోసినదాన్ని నేను వృథా చేశాను. మొన్న నూర్ అహమ్మద్ దగ్గరికి పోయి గొట్టం కావాలంటే, అంత ముసలితనంలోనూ, కొడుకు చేస్తానన్నా వినకుండా తానే చుట్టి ఇచ్చాడు. టోపీ ముందు చేశాడు, ఆ తరువాతే గొట్టం. "ఈసారి ఇది ముందు తీసుకోరా," అన్నాడు. ఆయనకేం తెలుసో నాకు తెలీదు.

ఉరిమింది. ఆశ్రిత ఉలిక్కిపడి పొట్ట మీద చెయ్యి వేసుకుంది. గవాచిలోంచి ఒక చినుకు పడి నేల మీద నల్లగా మచ్చ చేసింది, దాని పక్కన ఇంకొకటి. "మామా, వాన! గవాచి!" అంది. అమ్మ నవ్వుతూ గవాచి కిందికి జరిగి, చెయ్యి చాచి చినుకు కింద పెట్టింది. నేను ఇంకో రెండు పుల్లలు తోసి లేచాను. "తలుపు మూయద్దమ్మా, జల్లు కొట్టినా సరే," అని ఆశ్రితకు చెప్పి నిచ్చెనెక్కాను.

పైన వాన వాసన. దూరంగా ఒక మిద్దె మీద ఎవరో, ఇంకో మిద్దె మీద ఎవరో. కొత్త ఇళ్లకు సిమెంటు కప్పులు వచ్చాక మిద్దెలు తగ్గాయి, కేకలూ తగ్గాయి. పిట్టగోడ దగ్గర కుండ తీసుకున్నాను. నా కాళ్లు గొట్టం వైపు పోయాయి. అవి ఎటు పోతున్నాయో తెలిసేసరికి దాని ముందు ఉన్నాను, కుండ చేతిలో ఉంది. టోపీ మీద చినుకులు టపటపమంటున్నాయి. టోపీ కింద నాలుగు పక్కలా సందు, ఆ సందులోంచి పొగ, పల్చగా, వాన దాన్ని కిందికి కొడుతున్నా పైకే పోతోంది. చెయ్యి దగ్గర పెట్టాను. వేడి ఊపిరి. అమ్మ ముఖం మీద వాన పడి ఆమె దగ్గినప్పుడు నా చేతికి తగిలిన ఊపిరి గుర్తొచ్చింది. అక్కడే నిలబడి తడిశాను. ఆ తరువాత గవాచి దగ్గరికి పోయి మోకాళ్ల మీద కూర్చుని లోపలికి చూశాను. కింద అమ్మ, చినుకుల కోసం చాచిన చెయ్యి, పైకెత్తిన ముఖం. ఎదురుగా కూర్చుంటే రాని మాట తొర్రలోంచి వచ్చింది.

"అమ్మా. ఆ పొద్దు గొట్టం మీద కుండ పెట్టింది నాయన కాదు. నేను."

చెయ్యి అట్లాగే ఉంది. వాన పడుతోంది దాంట్లో. ఆశ్రిత ఎక్కడుందో నాకు కనపడలేదు, కొట్టంలో కట్టెలు తడవకుండా కప్పడానికి పోయినట్టుంది. అమ్మ నా వైపు చూసింది, ఎనభై ఏళ్ల కళ్లు, ఎర్రగా లేవు ఇప్పుడు.

"ఇప్పుడా సెప్పేది?" అంది.

కుండ పక్కన పెట్టి రెండు చేతులూ తొర్ర అంచు మీద ఆనించాను.

"ముప్పై ఏండ్లు ఆ మాట పట్టుకోని ఆ యప్పతో కొట్లాడితినిరా. పోయినాక కూడా అదే పట్టుకోని మాట్లాడతాండా. ఇంగ నేనేం పట్టుకోని మాట్లాడల్ల ఆ యప్పతో?"

వాన పెద్దదైంది. నా వీపు మీది నీళ్లు గవాచిలోకి కారి ఆమె ముఖం మీద పడ్డాయి. కొంగుతో తుడుచుకుంది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నువ్వు సెప్పలేదు, నేను ఇనలేదు. మూయ్. పొయ్యి తడుస్తాది."

గవాచి మీద కుండ బోర్లించాను. రాయి పెట్టాను. కింద చీకటైంది కాబోలు, లైటు వేసిన చప్పుడు వినిపించింది. చెప్పులు విదిలించుకుంటూ ఆశ్రిత లోపలికి వచ్చింది. కుండ అంచు కింద సందులోంచి అమ్మ గొంతు వచ్చింది, ఎప్పటికంటే కొంచెం నెమ్మదిగా, ఎప్పటి మాటే. "ఈడికి రా పాపా, ఆ గొట్టం జోలికి ఎవురినీ పోనీయద్దు వానొచ్చినప్పుడు. మీ తాత ఉండె సూడు, నన్ను పొగబెట్టి సంపబోయినాడు..." నేను వానలో కూర్చుని చివరి దాకా విన్నాను.